వాళ్ళకి తెలీదా?

పోయినేడు అమ్మ పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. నేనేమో ఇక్కడ బ్రిస్బేన్‌లో. రోజూ నాన్నకి ఫోన్ చేసి ఒకటే అడిగేవాణ్ణి: "ఇంకెన్నాళ్ళంటున్నారు?"

జబ్బు తీవ్రతని అంకెల్లో చెప్పే పద్ధతులున్నాయి. 1985లో అమెరికాలో తయారైన అపాచీ-2 వాటిలో ఒకటి. ఐసీయూలో చేరిన మొదటి 24 గంటల్లో ఊపిరి, రక్తపోటు, స్పృహ వంటి 12 కొలతలు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో చూసి, వయసునీ పాత జబ్బుల్నీ కలిపి 71కి లెక్కేస్తారు. ఎన్నాళ్ళుండాలో మాత్రం ఈ అంకె ఒక్కటే తేల్చదు. వెంటిలేటర్ ఎప్పుడు తీయగలిగారు, కొత్త ఇన్ఫెక్షన్ సోకిందా, చివరికి వార్డులో మంచం ఖాళీగా ఉందా అన్నవి కూడా కలుస్తాయి. ఐసీయూకి రాకముందు ఎన్ని గంటలు చేజారాయో ఆ లెక్కలో కనబడదు.

అమ్మకి న్యుమోనియా. వార్డులో ఉండగానే, ముందురోజు సాయంత్రం నుంచే ఆయాసపడుతోందనీ, పిలిస్తే సరిగ్గా పలకట్లేదనీ నాన్న గమనించారు. నర్సుకి చెప్పలేదు. ఎందుకు నాన్నా అంటే, "వాళ్ళకి తెలీదేంట్రా? మనం చెబితే బావుంటుందా?" అన్నారు. ఆయన్నేమనను? డాక్టరు ముందు చేతులు కట్టుకు నిలబడటమే మర్యాదని మనందరం నేర్చుకున్నాం.

1990లో సిడ్నీలోని లివర్‌పూల్ ఆస్పత్రిలో కెన్ హిల్‌మన్ బృందం ఒక పద్ధతి మొదలుపెట్టింది. గుండె ఆగేదాకా చూడకుండా, నాడి, ఊపిరి గీత దాటగానే అత్యవసర బృందాన్ని వార్డుకే పిలవాలి. సర్వర్ పడిపోకముందే అలర్ట్ చూసి లేవడం లాంటిదే, మా ఉద్యోగంలో రోజూ చేసే పని. నిజమే, 23 ఆస్పత్రుల్లో చేసి 2005లో ప్రచురించిన మెరిట్ అధ్యయనంలో దీనివల్ల స్పష్టమైన లాభం తేలలేదు. బృందం ఉంటే చాలదు, దాన్ని ఎవరో ఒకరు వేళకి పిలవాలి కదా!

ఆ పిలిచే హక్కు మా క్వీన్స్‌లాండ్‌లో ఇంటివాళ్ళకీ ఉంది. 2007లో మూడేళ్ళు కూడా నిండని రయాన్ సాండర్స్ ఆస్పత్రిలో చనిపోయాడు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందన్న తల్లిదండ్రుల ఆందోళనకి తగినంతగా స్పందన రాలేదు. తర్వాత వచ్చిందే రయాన్స్ రూల్. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి. వినకపోతే ఆ షిఫ్టు బాధ్యురాలైన నర్సుకి చెప్పాలి. అప్పటికీ కాకపోతే ఫోన్ చేసి మరొకరిచేత రోగిని చూడమని అడగొచ్చు.

నాన్న ఆ సాయంత్రమే చెప్పుంటే పదకొండు రోజులు ఐదయ్యేవా? చెప్పలేను. కానీ మన ఊళ్ళో ఏ రూలూ లేకపోయినా, "నిన్న ఈమె ఇలా లేదండీ, ఒకసారి చూడండి" అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిన్న ఆమె ఎలా ఉందో డాక్టరు కంటే నాన్నకే బాగా తెలుసు.