తీసుకొనుట, తిరిగి యిచ్చుట

ప్రకృతిని గురించి మన బడులలో నేర్పే నీతి సాధారణంగా ఒక్కటే: చెట్టును నరకవద్దు, నీటిని చెరపవద్దు, మృగాన్ని చంపవద్దు. ఇది అవసరమైన నీతియే; కాని సగం నీతి. మనుష్యుని చేయి సోకిన చోటనెల్ల ప్రకృతి చెడుతుందనే భావం దీనివల్ల బాలుర మనస్సులో నాటుకొంటున్నది. ఈ భావాన్ని సవరించగల గ్రంథం ఒకటి 2013లో అమెరికాలో వెలువడినది. దాని పేరు ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’. రచయిత్రి రాబిన్ వాల్ కిమ్మరర్ వృక్షశాస్త్ర ఆచార్యురాలు. ఆ దేశపు ఆదివాసులైన పొటావటోమీ ప్రజలలో ఒకరు. ఓరుగల్లు ప్రాంతపు ఉపాధ్యాయులు విద్యార్థులతో కలిసి చదువదగిన పుస్తకమిది.

అందులో ఒక ప్రయోగం వర్ణితమైనది. ఆదివాసులు బుట్టలల్లే ఒక పరిమళపు గడ్డిని కొన్ని మళ్లలో సగం మేరకు తీసి, కొన్ని మళ్లలో ముట్టక విడిచి, ఫలితాన్ని లెక్కించినారు. కోత మొక్కకు హాని అని పండితులు తలచినారు. తీరా చూడగా, కోసిన మళ్లు దట్టంగా పెరిగినవి. ముట్టని మళ్లు ఎండుగడ్డితో క్రిక్కిరిసి క్షీణించినవి. బుట్టలల్లే వారికి ఇది క్రొత్త సంగతి కాదు. అడిగి తీసుకొనుట, సగానికి మించి తీసుకొనకుండుట, తీసుకొన్నదానికి బదులు ఏదైన యిచ్చుట వారి కట్టుబాటు.

ఈ గడ్డి కథకు భాష్యం మన చెరువుగట్టు మీదనే ఉన్నది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల తటాకాలు గల ఈ సీమలో ఊరూర చెరువులు వెలసినవి. వేసవిలో నీరింకగానే రైతు బండి కట్టి పూడిక మన్ను చేనికి తోలుకొనేవాడు. చేనికి సత్తువ, చెరువునకు లోతు: ఒక్క పనితో రెండు ఉపకారాలు. ఇక్కడ తీసుకొనుటయే యిచ్చుట. బావులు, రసాయనిక యెరువులు వచ్చి, మన్ను తోలడం తగ్గిన కొలది చెరువులు పూడినవి. 2015లో మిషన్ కాకతీయ పేర ప్రభుత్వమే పూడిక తీయించవలసి వచ్చినది. ముట్టని గడ్డివలెనే ముట్టని చెరువూ క్షీణించినది.

ఏ మడికి ఎంత నీరు పారవలెనో నీరటికాడు ఎరిగియుండెను. కొత్తల పండుగ జరుపనిదే కొత్త పంటను నోట పెట్టరాదని మన అడవులలోని కోయల కట్టుబాటు. కాయ ముదరకముందే చేయి చాపకుండ అది ఆపుతుంది. అయితే పాతదంతా పూజ్యమని మా అభిప్రాయం కాదు. తెలంగాణంలో ఊరి సేవకుల నైపుణ్యంతో వెట్టిచాకిరీ కూడ పెనవేసికొని ఉండెను. వెట్టి పోవలసినదే, పోయినది. దానితో పాటు విద్య పోనక్కరలేదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తలపోయవలసిన విషయం మరొకటి ఈ గ్రంథంలో ఉన్నది. రచయిత్రి తాతగారిని బాల్యంలో కార్లైల్ వసతి పాఠశాలకు పంపినారు. 1879 నుండి 1918 వరకు నడిచిన ఆ బడి ఆదివాసి బాలుర భాషను, ఆచారాన్ని మాన్పించుటయే విద్య యని తలచినది. తత్ఫలితంగా మనుమరాలు తన పూర్వుల భాషను పెద్దవయస్సులో అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకొనవలసి వచ్చినది. మన బడులకు అట్టి దురుద్దేశం లేదు. కాని ఏటూరునాగారం వైపునుండి వచ్చిన కోయపిల్లకు తెలిసిన చెట్ల పేర్లకు తరగతిలో చోటు లేనప్పుడు, తన యింటి జ్ఞానం జ్ఞానమే కాదని ఆ పిల్ల నేర్చుకొంటుంది. ఉద్దేశం వేరైనను ఫలితం ఒక్కటే.

కావున ఈ పుస్తకాన్ని చదివి ప్రశంసించి ఊరకుండరాదు. బడి ఆవరణలోని గడ్డిలో రెండు మళ్లు గుర్తించి, ఒకదానిని సగం కోసి, ఏడాదిపాటు కొలిచి చూడవలెను; గ్రంథకర్త చెప్పినది మన నేలపై నిలుచునో లేదో పిల్లలే తేల్చుదురు. ఊరి వృద్ధులను పిలిచి ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండబెట్టి, వారు చెప్పిన చెట్ల పేర్లను, చెరువు వృత్తాంతాన్ని కోయలోను, తెలుగులోను వ్రాసికొనవలెను. ఆ వ్రాతపుస్తకపు ప్రతి ఒకటి తిరిగి ఆ ఊరికే అందజేయవలెను. తీసుకొన్న విద్యకు అది బదులు. ఈ ఒక్క పని చేసిన తరగతికి ఆ గ్రంథం అర్థమైనట్లే.