నుసుముకీ ఊజీకీ తేడా

సోమందేపల్లి నుంచి ఒక సోదరి యిలా వ్రాశారు: "మా పట్టుపురుగుల గదిలో నువ్వుగింజంత నల్ల ఈగలు ముసురుతున్నాయి. ఊజీ ఈగలేమోనని గుండె ఝల్లుమంటోంది. మందు కొట్టమంటారా?"

అమ్మా, ముందు ఆ మందు డబ్బా దూరంగా పెట్టండి. పురుగుమందు గాలి సోకినా పట్టుపురుగులు తట్టుకోలేవు. ఈగల్ని చంపబోయి పంటనే పోగొట్టుకున్నవారవుతారు.

ఊజీని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. 1980లో కర్ణాటకలో అడుగుపెట్టి, పట్టు రైతుల్ని కంటతడి పెట్టించిన ఈగ అది. ఇళ్లల్లో తిరిగే ఈగకన్నా పెద్దది. బూడిదరంగు ఒళ్లు, వీపుమీద నల్లని చారలు. పట్టుపురుగు ఒంటిమీదనే గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలికి దూరినచోట నల్లమచ్చ పడుతుంది.

నువ్వుగింజంత వున్నది ఊజీ కాదు. మీ గదిలోవి బూజు తినే నుసుములై వుండాలి. ఒకదాన్ని పట్టి భూతద్దంలో చూడండి. దోమకున్నట్లు పొడుగు కాళ్లు, పూసలు గుచ్చినట్లుండే మీసాలు, రెక్క మధ్య పంగలకర్రలా చీలిన నరం కనిపిస్తే సందేహం లేదు. శాస్త్రజ్ఞులు వీటిని సియారిడ్ ఈగలంటారు. ఇవి కుట్టవు, పట్టుపురుగు జోలికి పోవు. కిటికీ వల ఊజీని ఆపుతుంది గాని, యివి ఆ కన్నాల్లోంచే దూరివస్తాయి.

వీటి పిల్లలు తెల్లగా, గాజుపోగుల్లా వుంటాయి; తల మాత్రం నల్లగా మెరుస్తుంది. తిండి బూజు, కుళ్లిన ఆకు. పూలకుండీల్లో లేతవేళ్లు కొరుకుతాయి. పుట్టగొడుగులు పెంచేవారికైతే బద్ధశత్రువులే. గుడ్డు ఈగ కావడానికి మూడు నాలుగు వారాలు చాలు.

వానలే అరుదైన మీ సీమలో వీటికి చెమ్మ యెక్కడిదంటారా? తట్టల కింద పేరుకున్న మల్బరీ ఆకుచెత్తలో వుంది! అందుకే వీటిని తేలిగ్గా తీసుకోకండి. నుసుము వుందంటే బూజు వుందన్నమాట. పట్టుపురుగు చచ్చి సుద్దముక్కలా బిగిసిపోయే రోగమూ ఒక బూజువల్లనే వస్తుంది. దానికీ చెమ్మే చెలికాడు.

రోజూ చెత్త తీసి, గదికి దూరంగా గోతిలో వేసి మన్ను కప్పండి. తడి ఆకు మేపకండి. గాలి ఆడనివ్వండి. పసుపుపచ్చని అట్టకు ఆముదం రాసి వేలాడదీస్తే చాలా నుసుములు దానికే అంటుకుంటాయి. చెమ్మ ఆరిందో లేదో ఆ అట్టే మీకు లెక్క చెబుతుంది.