"అవగాహన లోపం" అని రాయకండి

పిల్లల పోషకాహార లోపంపై మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మనం రాసే మొదటి కారణం "తల్లుల్లో అవగాహన లోపం". నేనూ రెండేళ్లు అదే రాశాను. ఇప్పుడు ఆ పాయింట్ కొట్టేశాను.

మా ఖమ్మం వైపు మిరపకోతలు మొదలయ్యే వేళకి మా వదిన బిడ్డకు తొమ్మిదో నెల. వేపాకు నూరి రొమ్ముకు రాసుకుని పాలు మాన్పించింది. రెండు రాత్రులు బిడ్డా ఏడ్చింది, ఆమే ఏడ్చింది. రెండేళ్ల దాకా తల్లిపాలు ఇవ్వాలని ఆమెకు తెలియక కాదు. తెల్లారకముందే ఆటో ఎక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. పగలు మోకాళ్ల నొప్పులతో మా అమ్మ, సీసాలో నీళ్లు కలిపిన ప్యాకెట్ పాలు. (డబ్బాపాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది, మంచిదే. ప్యాకెట్ పాలకు ప్రకటన అక్కర్లేదు.) అదే ఇంట్లో కూర్చుని నేను పోషణ్ అభియాన్ నోట్స్ రాసుకుంటున్నాను.

2017 సవరణతో 26 వారాల వేతన సెలవు, 50 మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్, ఆ సవరణకు ముందు నుంచే చట్టంలో ఉన్నట్టు 15 నెలల దాకా పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలు. గర్వంగా బట్టీ పడతాం. మిరప చేనులో ఇవి ఎవరిని అడగాలి? అక్కడి తల్లికి మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు 5,000 రూపాయలు. ఆరు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రావు. 2024-25లో మన ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే పదిహేడు రోజుల కూలి ఇచ్చి, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టమంటున్నాం.

అసలు చిక్కు ఆరో నెల తర్వాత. ఏడాది బిడ్డ ఒకేసారి కడుపునిండా తినలేదు. రోజుకు మూడు నాలుగు సార్లు ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని ముద్దలు పెట్టాలి. అంగన్‌వాడీ మూడేళ్లు నిండినవాళ్లనే పగలు కూర్చోబెడుతుంది. అంతకన్నా చిన్నవాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి పంపుతుంది. ప్యాకెట్ వచ్చింది, పెట్టే మనిషి పొలంలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 6-23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది దాదాపు 11 శాతానికే. ఇక మిగతా 89 శాతం మంది తల్లులూ అజ్ఞానులేనా?

ఇంకో అవగాహన వారోత్సవం వద్దు. మూడేళ్లలోపు పిల్లలకు ఊళ్లోనే, కోతల వేళలకు తగ్గట్టు తెరిచి ఉండే క్రెష్ కావాలి. పాల్నా పథకం కింద అంగన్‌వాడీ క్రెష్‌లు మొదలయ్యాయి కానీ అవసరం ముందు అవి చాలా తక్కువ. ఖర్చు భరించలేమనే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: పనిచోట చంటిపిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మా వదిన వేసవిలో చెరువు పనికీ వెళ్లింది. అక్కడ పిల్లలు తొమ్మిదిమంది, చెట్టు కింద. చూసుకునే మనిషి లేదు.