పేరు లేని మొక్కకు రక్షణ లేదు

కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో ద్వీపంలో సియెర్రా దె కాయే అనే పర్వతశ్రేణి ఉంది. అక్కడ జంట శిఖరాలుగా కనిపించే ఒక కొండపై 'ఎరూబియా' అని స్థానికులు పిలిచే ముళ్ళపొద ఒకటి పెరుగుతుంది. దాని ఆకు కత్తివలె సన్నగా, పొడవుగా ఉంటుంది. పువ్వు మాత్రం ఏ తెలుగువారికీ కొత్తది కాదు. అయిదు కోణాల నక్షత్రం, నడుమ పసుపుపచ్చని కేసరాల గుంపు, చూచిన వారెవరైనా "ఇది వంగపువ్వు కదా!" అనుకోక మానరు. ఆ ఊహ సరియైనదే. ఎరూబియా, వంగ రెండూ సొలానం అనే ఒకే ప్రజాతికి చెందినవి; అందులోనూ ముళ్ళ సొలానాలనే ఒకే శాఖకు చెందినవి.

వంగ మానవుని చేరదీతతో ప్రపంచమంతటా వర్ధిల్లింది. ఎరూబియాకు ఆ అదృష్టం పట్టలేదు. పశువులకు హాని చేసే మొక్క అని భావించి రైతులు దానిని నరికి, పెరికి వేస్తూ వచ్చారు. 1988లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో దానిని చేర్చేనాటికి, అది పెరుగుతున్నట్లు తెలిసిన చోటు ఆ ఒక్క కొండ మాత్రమే. ఒక జాతి మనుగడ అంతా ఒకే కొండమీద ఆధారపడి ఉన్నప్పుడు ఒక కార్చిచ్చు, ఒక తుఫాను, ఒక రహదారి నిర్మాణం ఏదైనా చాలు. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను ఆ ద్వీపాన్ని అతలాకుతలం చేసిన సంగతి లోకమెరిగినదే.

ఈ పొద కథలో ముళ్ళకంటె, విషంకంటె ఆలోచింపదగిన విషయం మరొకటి ఉన్నది. అది దాని పేరు.

1909లో ఓ. ఇ. షుల్జ్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని కొత్త జాతిగా వర్ణించి 'సొలానం డ్రైమోఫిలం' అని నామకరణం చేశాడు. వనప్రియ అని దాని అర్థం. ప్రమాదజాబితాకు ఎక్కినది ఈ పేరే. తరువాత 2010లో కొందరు శాస్త్రజ్ఞులు కరీబియన్ దీవుల్లోని ఈ సొలానాల గుంపును తిరిగి పరిశీలించారు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు డ్యూనాల్ పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇదే మొక్కకు 'సొలానం ఎన్సిఫోలియం', అనగా ఖడ్గపత్రి, అని పేరు పెట్టి ఉన్నాడని వారు నిర్ధారించారు. వృక్షనామాల విషయంలో నియమం స్పష్టం: ముందుగా సక్రమంగా ప్రకటించిన పేరే చెల్లుతుంది. వనప్రియ ఖడ్గపత్రిగా మారింది.

ఇది చాదస్తమని, పండితుల పొద్దుపోని వ్యవహారమని అనిపించవచ్చు. కాని ఆ పరిశీలనలో తేలవలసిన ప్రశ్న కేవలం పేరు కాదు. బహామా దీవుల్లోను, చుట్టుపక్కలను విరివిగా పెరిగే మరొక ముళ్ళ సొలానం ఉన్నది. ఎరూబియా దానికి ఒక రూపాంతరం మాత్రమేనా, లేక వేరే జాతియా? రూపాంతరమని తేలి ఉంటే, "ఈ మొక్క ఇతర దీవుల్లో కావలసినంత ఉన్నది, దీనికై ఒక కొండను కాపాడనేల?" అనే వాదానికి బలం చేకూరేది. వేరే జాతియని తేలింది గనుక ఆ వాదం నిలువలేదు. ఒక కొండ భవితవ్యం కొన్ని ఎండుటాకుల పరిశీలనపై ఆధారపడిందన్నమాట. చట్టం అడవిని చూడదు, జాబితాను చూస్తుంది. జాబితాలో పేరు ఉండాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పేరు పెట్టి ఉండాలి. ఆ పేరు ఏ మొక్కకు వర్తిస్తుందో నిస్సందేహంగా చెప్పగలగాలి.

కొత్త జాతిని వర్ణించడమంటే ఏమిటో విద్యావంతులలో కూడ చాలామందికి తెలియదు. అడవిలో వింతమొక్క కనిపించగానే దానికి పేరు పెట్టి పత్రికకు పంపడం కాదది. పూలతో, కాయలతో కూడిన కొమ్మను కోసి, కాగితాల నడుమ అదిమి, ఎండబెట్టి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాసి అట్టపై అంటించాలి. ఇటువంటి అట్టలు లక్షల సంఖ్యలో భద్రపరచిన నిలయాలను హెర్బేరియంలంటారు. చేతిలోని మొక్కను ఆ ప్రజాతిలో ఇంతవరకు వర్ణించిన జాతులన్నిటితోను పోల్చి, ఏ ఒక్కదానితోను సరిపోలదని రుజువు చేయాలి. సొలానంలో పన్నెండు వందలకు పైగా జాతులున్నాయి! ఆపైన ఒక నమూనాను ఆ పేరుకు శాశ్వతమైన సాక్ష్యంగా ప్రకటించి, దానిని ఏ హెర్బేరియంలో ఉంచినదీ తెలియజేయాలి. మొక్క భేదాలను వివరించే వర్ణన లాటిన్‌లోనే ఉండాలనే నియమం 1935 నుండి అమలులో ఉండేది. 2012 జనవరి నుండి ఇంగ్లీషులో రాసినా చెల్లుతున్నది.

ఈ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో 2010లో వెలువడిన ఒక అధ్యయనం తేటతెల్లం చేసింది. కొత్తగా వర్ణించిన పుష్పజాతులలో, సేకరించిన అయిదేళ్ళలోపే పేరు పొందినవి నూటికి 16 మాత్రమే. దాదాపు నాలుగవ వంతు జాతుల విషయంలో ఏభై ఏళ్ళకు పైబడిన నమూనాలు ఉపయోగపడ్డాయి. అనగా, కొత్త జాతులలో పెక్కు అడవుల్లో కాదు, బీరువాల్లో నిద్రిస్తున్నాయి. వాటిని మేలుకొలిపే కన్నులే కొరవడ్డాయి.

ఇట్టి స్థితిలో ఆ బీరువాలే మూతపడుతున్నాయి. ఉత్తర కారొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఎనిమిది లక్షలకు పైగా నమూనాలున్న తన హెర్బేరియంను కొనసాగించబోమని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. నమూనాలను ఇతర సంస్థలకు తరలించవచ్చునన్నది విశ్వవిద్యాలయం వాదన. ఖర్చు, స్థలం, సిబ్బంది అనే సమస్యలు వాస్తవమైనవే. వాటిని తేలికగా కొట్టిపారవేయరాదు. అయితే హెర్బేరియం అంటే గోదాము కాదు. ఆ నమూనాలను చదువగల ఆచార్యుడు, ఆయన వద్ద నేర్చుకునే విద్యార్థి కలిసి ఉన్నప్పుడే అది విజ్ఞానం. అట్టలను పెట్టెల్లో తరలించవచ్చును గాని, ఆ పరంపరను తరలించలేరు.

"ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష ఉన్నది కదా, ఈ ఎండుటాకులెందుకు?" అనేది నేటి ప్రశ్న. దీనికి ముళ్ళ సొలానాలే మంచి జవాబు చెబుతున్నాయి. తెలుగులో అన్నిటినీ ముల్లు అనే అంటాము గాని, వృక్షశాస్త్రంలో అవి వేర్వేరు. తుమ్మముల్లు ఆకు మొదట ఉండే పుచ్ఛాల మార్పు. నిమ్మముల్లు కొమ్మ మార్పు. గులాబిముల్లు, వంగముల్లు మాత్రం పైచర్మం నుండి పుట్టుకొచ్చినవి. ఒకదానికొకటి ఎంతో దూరపు చుట్టరికంగల గులాబికి, వంగకు ఒకే తరహా ముల్లు ఎలా వచ్చింది? 2024లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన పరిశోధన దీనికి సమాధానం చెప్పింది. సైటోకైనిన్ అనే సస్యహార్మోనును క్రియాశీలరూపంలోకి మార్చే ఎంజైము ఒకటి ఉన్నది. దానిని తయారుచేసే జన్యువులలో ఒకటి ముల్లు పుట్టించే పనికి పదేపదే నియోగింపబడిందని, ఆ జన్యువు చెడినచోట ముళ్ళు రాలేదని తేలింది. ముళ్ళులేని వంగరకాల రహస్యం కూడ ఇదే. ఇటువంటి పరిశోధనకు ముందుగా ఏ జాతికి ముళ్ళున్నాయి, దేనికి లేవు, ఏది దేనికి బంధువు అన్న లెక్క కావాలి. ఆ లెక్క కట్టినవారు ఎండుటాకులు చూచిన పండితులే. గుర్తు తెలియని ఆకు నుండి తీసిన డి.ఎన్.ఏ. చిరునామా లేని ఉత్తరం వంటిది.

మరికొందరి వాదం వేరు. ప్రతి కొత్తమొక్కలోను ఒక దివ్యౌషధం దాగి ఉండవచ్చును గనుక మొక్కలను కాపాడాలంటారు. ఇది వినసొంపుగా ఉన్నా, రసాయనశాస్త్రం దీనిని పూర్తిగా సమర్థించదు. సొలానాలలో సొలసోడిన్ వంటి స్టెరాయిడ్ ఆల్కలాయిడ్లు చక్కెర అణువులతో కలిసి ఉంటాయి. సొలసోడిన్ నుండి స్టెరాయిడ్ మందులు తయారుచేయవచ్చుననే ఉద్దేశంతో భారతదేశంలో ఒక ముళ్ళ సొలానాన్ని పైరుగా పెంచిన మాట నిజమే. ఆ జాతియే అయిన సొలానం వయారం 1988లో ఫ్లోరిడాలో కనిపించి, పచ్చికబయళ్ళను ఆక్రమించి, పశువుల పెంపకందార్లకు తలనొప్పిగా పరిణమించింది. ఒకచోట మందు, మరొకచోట కలుపు. ఔషధం దొరికితేనే కాపాడాలన్న వాదంలో ఒక ప్రమాదం దాగి ఉన్నది: పరీక్షించి ఏమీ దొరకలేదని తేలిన మరునాడు ఆ మొక్కను నరకవచ్చునని అది ఒప్పుకున్నట్లే. మనుగడ హక్కును ప్రయోజనంతో ముడిపెట్టడం సబబు కాదు.

పేర్ల విషయంలో అజాగ్రత్త ఎంత అయోమయానికి దారితీస్తుందో తెలుగునేల మొక్కలే చెబుతాయి. దశమూలాలలో ఒకటైన కంటకారిని తెలుగులో వాకుడు, నేలములక అంటారు. బీడుభూముల్లో నేలను అంటుకొని, పచ్చని ముళ్ళతో, ఊదారంగు పూలతో పెరిగే ఈ ఆసియా మొక్కకు 1753లో లిన్నేయస్ ఇచ్చిన పేరు సొలానం వర్జీనియానం! వర్జీనియా రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారు ఎంత వెదకినా అక్కడి అడవుల్లో అది స్వతస్సిద్ధంగా పెరగదు. దీనికి విరుద్ధమైన కథ ఉస్తికాయది. వరుగుచేసి వేయించుకునే ఆ చేదుకాయ తరతరాలుగా మన పల్లెలదేనని చాలామంది నమ్మకం. కాని దానిని 1788లో స్వార్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు జమైకా మొక్కగా వర్ణించాడు. అది అమెరికా ఉష్ణమండలానికి చెందినది. నేడు దాని వేరుమొదళ్ళకు వంగ, టమాట అంట్లు కట్టి ఎండుతెగులును తట్టుకునేలా చేస్తున్నారు. ఎరూబియాకు పొరుగుదీవి చుట్టమైన ఉస్తి లోకమంతా పాకింది. ఎరూబియా ఒక కొండకు పరిమితమైంది. ఏ మొక్క ఎప్పుడు ఏ గతి పొందునో ముందుగా చెప్పగల వారెవరు?

నామకరణంలో తెలుగువారికి ఒక గౌరవనీయమైన పాత్ర కూడ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు. తన గ్రంథాలలో లాటిన్ పేర్లతోపాటు తెలుగు పేర్లను కూడ నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పినవారు పండితులు కారు. రైతులు, నాటువైద్యులు, పశులకాపరులు. పోర్టోరికోలో 'ఎరూబియా' అన్న పేరు నిలిచినట్లే, ఉస్తి, ములక, వాకుడు అన్న మాటలు కూడ నిలవాలి. శాస్త్రనామం లోకమంతటికీ ఒకే చిరునామా. దేశినామం ఆ మొక్కతో కలిసి బ్రతికిన మనుషుల జ్ఞాపకం. రెండింటిలో ఏది పోయినా నష్టమే.

విదేశాలలోని తెలుగు కుటుంబాలు పిల్లలను వైద్యానికి, కంప్యూటరు విద్యకు పంపడం సహజం. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే వేయిమందిలో ఒకరికి ఆకులమీద, పురుగులమీద, రాళ్ళమీద మక్కువ ఉంటుంది. ఆ ఒక్కరినీ "ఇది తిండిపెట్టే చదువేనా?" అన్న ప్రశ్నతో చల్లార్చకుండ ఉంటే అదే పెద్ద సేవ. శాస్త్రజ్ఞులు కానవసరం లేకయే చేయగల పని కూడ ఉన్నది. స్మిత్‌సోనియన్ సంస్థ 2013లో ప్రారంభించిన లిప్యంతరీకరణ కేంద్రం ద్వారా పాత నమూనాల అట్టలమీది చేతిరాతను ఔత్సాహికులు ఇంటినుండే చదివి నమోదు చేయవచ్చు. సెలవుదినాన ఒక గంట, ఒక అమ్మాయి, వాళ్ళ తాతగారు కలిసి కూర్చుంటే చాలు. స్వదేశానికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ నోట ఒక మొక్క పేరు విని, దాని ఫొటోతోపాటు రాసిపెట్టుకుంటే మరీ మంచిది.

ఉష్ణమండల ద్వీపాల అడవుల్లో పేరు పొందని మొక్కలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని వర్ణింపబడేలోపే అంతరించవచ్చు. అట్టివాటి గురించి సంతాపం తెలుపుటకు కూడ వీలుండదు. పోయినది ఏమిటో తెలియదు గనుక. అడవి నరికివేతను ఆపడం ప్రభుత్వాలకు కూడ కష్టమవుతున్నది. ఒక హెర్బేరియంను తెరచి ఉంచడం, ఇద్దరు ముగ్గురు వృక్షశాస్త్రజ్ఞులకు జీతమివ్వడం అంత కష్టమూ కాదు, అంత ఖరీదూ కాదు. ఆ మాత్రం పని చేయని సంపన్న సమాజాలు జీవవైవిధ్యం గురించి మాట్లాడడం, పేరైనా అడగని అతిథికి విందు చేస్తామని చాటింపు వేయడం వంటిదే.