కదలని కారు, చెడు చమురు
వారమున కొకమాఱు రైతుబజారువఱకు మాత్రమే కదలు కారునకు, మీటరుపై 10,000 కిలోమీటర్లు నిండుదాఁక ఇంజనాయిలు మార్చనక్కఱలేదని తలంచుట పొదుపుగాఁ దోఁచును గాని, తిరిగిన దూరమునకు మించి చమురు చెడునది యట్టి కారుననే. ఇంజను చక్కగా వేడెక్కక మున్నే ప్రయాణము ముగియుటచే, దహనమున జనించిన నీటియావిరి వెలికిఁ బోక, మండక మిగిలిన పెట్రోలుతోఁ గూడి చమురునఁ జేరి, దానిని పలుచఁజేసి ఆమ్లములకుఁ దావిచ్చును. సింథటిక్ నూనె యెంత వెలగలదైనను ఈ చెఱుపునకు పూర్తిగా అతీతము గాదు. కావుననే తయారీదారులు కిలోమీటర్లతోపాటు, సాధారణముగా 12 నెలల గడువును గూడ విధించి, ఏది ముందు వచ్చిన నదియే ప్రమాణమందురు. ఇఁక 0డబ్ల్యూ-20 కోరు కారులో, చిక్కని నూనె బలమని 20డబ్ల్యూ-50 పోయించు మెకానిక్కుల వాత్సల్యము నాకు బోధపడదు: చల్లని యింజనులో బేరింగులకు శీఘ్రముగాఁ జేరునది పలుచని నూనెయే. మాన్యువలులోని గ్రేడునే కొని, ఏటి కొకమాఱు మార్పించి, నడుమ నడుమ అరగంటసేపు హైవేపై నడిపిన నంతియే చాలును.