సెట్‌టాప్ బాక్సులో ఏ రిజల్యూషన్ పెట్టాలి?
మన దేశంలో హెచ్‌డీ చానళ్లు ఎక్కువగా 1080ఐ రూపంలో, మామూలు చానళ్లు 576ఐ రూపంలో వస్తాయి. 1080ఐలో గీతలు 1080 ఉన్నా ఒక్కో విడతకు సగమే అందుతాయి: ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు, సెకనుకు 50 విడతలు. వాటిని కలిపి నిండు బొమ్మగా కూర్చే పని బాక్సయినా చేయాలి, టీవీ అయినా చేయాలి. చవక బాక్సు కంటే టీవీయే సాధారణంగా ఈ పని బాగా చేస్తుంది కనుక ఫుల్ హెచ్‌డీ, 4కే టీవీలకు 1080ఐ పెట్టడమే మేలు. క్రికెట్‌లో పరుగెత్తే ఆటగాడి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తే మాత్రం 1080పి పెట్టి, ఆ కూర్పు పనిని బాక్సుకే వదిలి చూడాలి. 1366 బై 768 తెర ఉన్న పాత హెచ్‌డీ రెడీ టీవీకి 720పి అయినా పెద్ద తేడా తెలియదు. మామూలు చానల్‌ను ఏ సెట్టింగూ హెచ్‌డీ చేయలేదు. వెడల్పుగా సాగదీస్తే యాంకర్ ముఖం ఉబ్బడమే మిగులుతుంది. ఇక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వాడే ఇళ్లలో ఈ తర్జనభర్జనంతా దండగ. ఆ వైరులో హెచ్‌డీ రాదు. ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ కొనండి.