పాలపండ్లును, తల్లి పోషణమును

బిడ్డ పండ్లు పుచ్చినచో లోకము ముందుగా తల్లినే నిందించును. మిఠాయి పెట్టినది, నోరు కడుగలేదు, సోమరి యనును. కెనడా దేశపు ఆదిమవాసుల తల్లులు ఈ నిందను చాలకాలముగా మోయుచున్నారు. అది యెంతవరకు న్యాయమో విచారింతము.

ఆ దేశమున ఆదిమవాసులు హెచ్చుగా నివసించు ప్రదేశముల పసిబిడ్డలకు, తక్కిన బిడ్డలకంటె ఎనిమిది రెట్లకు మించి, ఆస్పత్రిలో దంతచికిత్స చేయవలసి వచ్చుచున్నదని 2013లో వెలువడిన లెక్కలు తెలిపినవి. మూడేండ్ల పసివానికి మత్తుమందిచ్చి అనేక దంతములు ఒక్కమారే ఊడదీయుటయు గలదు. ఏ తల్లి చూడగలదు?

పంటిపై తెల్లగా మెఱయు గట్టి పొరను పింగాణి యందుము, వైద్యులు ఎనామెలందురు. పాలపండ్లు ఇరువదింటికిని ఈ పొర ఏర్పడుట గర్భమున నాలవ మాసమందు మొదలై, బిడ్డ పుట్టిన యేడాదిలోపల ముగియును. దానిని కట్టెడి కణములు పన్ను పైకి వచ్చుసరికే నశించును. ఎముక విఱిగిన అతుకుకొనును, చర్మము తెగిన మానును. పింగాణి మాత్రము లోపించిన మరల పుట్టదు. గర్భిణికి ఆహారము చాలకున్నను, జబ్బు చేసినను, నెలలు నిండకమునుపే ప్రసవమైనను, ఆ నాళ్లలో కట్టబడుచున్న పొర పలుచబడవచ్చును, గుంటలు పడవచ్చును. గరుకైన యా చోట సూక్ష్మజీవులు సులభముగా నిలిచి, తీపిని ఆమ్లముగా మార్చి, పంటిని తినివేయును.

మానిటోబా రాష్ట్రమందలి విన్నిపెగ్గు నగరమున, ఎక్కువమంది ఆదిమవాసులే యైన గర్భిణులను పరీక్షించి 2014లో ఒక పరిశోధన ప్రకటించిరి. పండ్లు పుచ్చిన బిడ్డల తల్లులకు గర్భకాలమున నెత్తుట డి విటమిను తక్కువగా నుండెనని తేలినది. ఆ ఉత్తరదేశపు శీతకాలపు టెండకు ఆ విటమిను చర్మమున పుట్టదు. పూర్వము చేపల యాహారము కొంత కొఱత తీర్చెడిది. నేడు దూరపు పల్లెలకు సరకులు విమానముపై రావలయును. పాలు, కూరగాయలు మిక్కిలి ప్రియము. త్రాగదగిన కుళాయినీరు లేని పల్లెలు ఇప్పటికిని గలవు.

ఇంకొక మాట. 1948 మొదలు 1952 వరకు ఆదిమవాసుల పిల్లలనుంచిన ఆఱు వసతి పాఠశాలలలో ప్రభుత్వమువారు పోషకాహార పరీక్షలు జరిపిరి. ఫలితము మాఱునేమో యని ఆ పిల్లలకు దంతవైద్యమునే ఆపిరి! అట్టి బడులు చూచిన అవ్వల మనుమరాండ్రు వైద్యునిచెంతకు జంకుచు వచ్చినచో, వారిని అజ్ఞానులనుట మాకు సమ్మతము గాదు.

మన యిండ్లకు వత్తము. ఇచట ఎండ మెండుగా నున్నను గర్భిణులలో డి విటమిను కొఱత విరివిగానే యున్నది. నిండు గర్భిణియైన కోడలు అందఱును తినిన పిదప మిగిలినది తినుట మా వీధిలోనే చూచుచున్నాము. ఆమెకు ముందు వడ్డింపుడు. విటమిను విషయము వైద్యురాలి నడుగుడు. మొదటి పన్ను మొలచినది మొదలు బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో రెండుపూటల తోముడు. నోట పాలసీసా నుంచి నిద్రపుచ్చకుడు. నెలకొకసారి బిడ్డ పైపెదవి మెల్లగా ఎత్తి చూడుడు. చిగుళ్ల యంచున సున్నపుగీటువలె తెల్లమచ్చగాని గుంటగాని కనబడినచో, నొప్పికై వేచియుండక దంతవైద్యునికి చూపుడు; ఫ్లోరైడు పూతతో పుచ్చు నాపుటకు అదియే తరుణము.

“ఊడిపోవు పండ్లే కదా” యను అత్తగార్లు కొందఱు గలరు. దవుడపండ్లతో బిడ్డ పదేండ్లు దాటువఱకు నమలవలయును. వానిక్రిందనే శాశ్వతదంతపు మొలక యున్నది. పైపంటి చీము దానిని తాకిన, రాబోవు పంటి పింగాణియు చెడును.